అంబాసిడర్ మార్క్ 2కి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టించాలా, డ్రమ్ములే బాగు చేయించాలా?

తాతగారి_అంబాసిడర్
మాది 1974 మార్క్ 2, పెట్రోల్. తాతగారు కొన్న బండి, ఇప్పుడు నా పేరు మీద ఉంది. ఇంజిన్ పని, టింకరింగ్, పెయింటింగ్ అన్నీ అయ్యాయి. ఊళ్ళో తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు. మొన్న అమ్మానాన్నలతో అరకు వెళ్ళి దిగేటప్పుడు ఘాట్ సగంలో పెడల్ మెత్తబడిపోయింది. నేలకి ఆనేదాకా తొక్కి, మళ్ళీ మళ్ళీ పంపింగ్ చేస్తే గానీ బండి ఆగలేదు. కాలిన వాసన కూడా. పక్కకి తీసి ఆపాం, చల్లారాక మళ్ళీ మామూలే. అది కాక, గట్టిగా తొక్కితే ఎడమ వైపు లాగుతోంది.

ముందు చక్రాలకి డిస్కులు పెట్టించేద్దామనుకుంటున్నా. మా మెకానిక్ "రెండు రోజుల పని, కాలిపర్లు (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు) తెస్తే బిగించేస్తా" అంటున్నాడు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) మార్చాలా అని అడిగితే అక్కర్లేదంటున్నాడు. చేయించినవాళ్ళు చెప్పండి, నిజంగా అంత తేలికా?

ఆటోనగర్_శీను
మాస్టర్ మార్చకుండా డిస్కులు పెట్టొద్దు. మిగతా విషయాలన్నీ ఆ తర్వాతే.

పద్మిని78
అసలు డిస్కులు ఎందుకు? నా ప్రీమియర్ పద్మిని కారుకి నాలుగు చక్రాలూ డ్రమ్ములే. డ్రమ్ములు లేత్ మీద పెట్టించి, కొత్త లైనర్లు (డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) సరిగ్గా కూర్చునేలా అరగదీయించి, హోస్ పైపులు మార్పించా. తొక్కితే తిన్నగా ఆగుతుంది. ముందు ఉన్నదాన్ని బాగు చేయించండి. పాడైన డ్రమ్ముని చూసి డ్రమ్ములే పనికిరావనడం అన్యాయం.

ఘాట్_రోడ్డు
పద్మిని78 గారూ, మీ బండి 900 కేజీల లోపు, అంబాసిడర్ 1,100 పైన. అందులో ఐదుగురు, సామాన్లు. తేడా లేదంటే ఎలా?

కరీంనగర్_కార్బురేటర్
డిస్క్ పెట్టెయ్ అన్నా, ఆలోచించకు. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజిన్ అంబాసిడర్లలో ముందు చక్రాలకి డిస్కులతో వచ్చినవి ఉన్నాయి. ఆ బండి స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) సెట్ దొరికితే కంపెనీ డిజైనే నీ బండికి వచ్చినట్టు.

శ్రావణి_వర్క్‌షాప్
ఒక్క నిమిషం ఆగండి. ఆయన చెప్పిన లక్షణం ఎవరూ పట్టించుకోలేదు. "పెడల్ మెత్తబడింది, పంపింగ్ చేస్తే ఆగింది, చల్లారాక బాగైంది" అన్నారు. లైనర్లు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తబడి కిందికి పోయిందంటే లైన్లో బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైందని మొదటి అనుమానం. ద్రవాన్ని నొక్కితే దగ్గరవదు, ఆవిరి దగ్గరవుతుంది. అందుకే కాలు లోపలికి పోతుంది.

బ్రేక్ ఆయిల్ రకాలు డాట్ 3, డాట్ 4 రెండూ గాలిలోని తేమని పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక అదే ఆయిల్‌కి హామీ 155 డిగ్రీలే. డాట్ 3 అయితే 205 నుంచి 140కి పడిపోతుంది. తాతగారి_అంబాసిడర్ గారూ, ఆయిల్ చివరిసారి పూర్తిగా ఎప్పుడు మార్పించారు?

తాతగారి_అంబాసిడర్
పూర్తిగా మార్చినట్టు గుర్తు లేదు మేడం. తగ్గినప్పుడల్లా పోయిస్తున్నాం. ఇప్పుడే మూత తీసి చూశా, కాఫీ డికాషన్ రంగులో ఉంది.

ఆటోనగర్_శీను
దొంగ దొరికాడు.

ఘాట్_రోడ్డు
శ్రావణి గారి మాట సగమే ఒప్పుకుంటా. డ్రమ్ము వేడికి వ్యాకోచిస్తుంది, లైనర్ ఉండే షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరుగుతుంది. అప్పుడు కూడా పెడల్ కిందికి దిగుతుంది. పంపింగ్ చేస్తే పైకి వస్తుంది. ఆయిల్ ఒక్కటే కారణం అనుకుని దాన్ని మార్చి ఊరుకుంటే మళ్ళీ అదే ఘాట్లో అదే కథ.

లెక్క చూడండి. మనుషులతో కలిపి బండి 1,400 కేజీలనుకుందాం. అరకు నుంచి కిందికి దిగితే నికరంగా 800 మీటర్ల ఎత్తు తగ్గుతుంది. ఆ దిగుడులో వచ్చే శక్తి 11 మెగాజౌళ్ళు. 35 లీటర్ల నీళ్ళని మరిగే స్థాయికి తేవడానికి సరిపోయేంత వేడి అది. ఇంజిన్ పట్టు మీద దిగితే అందులో కొంత ఇంజిన్ మింగుతుంది. టాప్ గేర్లో బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగితే దాదాపు అంతా డ్రమ్ముల్లోకే. మూసి ఉన్న డ్రమ్ములోంచి వేడి బయటికి పోవడం కష్టం, డిస్కుకి గాలి నేరుగా తగులుతుంది. నేను డిస్క్ వైపు ఉన్నది ఇందుకే.

శ్రావణి_వర్క్‌షాప్
సందు పెరగడం నిజమే, ఒప్పుకుంటున్నా. రెండూ కలిసి ఉండొచ్చు. వెంటనే డిస్కులు కొనేయకుండా ముందు నాలుగు చక్రాలూ విప్పి చూడమంటున్నా, అంతే. డిస్క్ పెట్టినా అదే డికాషన్ ఆయిల్ ఉంటే కాలిపర్‌లో కూడా మరుగుతుంది. ప్యాడ్ వేడి నేరుగా పిస్టన్‌కి తగులుతుంది కదా.

పద్మిని78
ఘాట్ దిగేటప్పుడు ఏ గేర్లో ఉన్నారు?

తాతగారి_అంబాసిడర్
ఎక్కువ దూరం టాప్‌లోనే. మలుపుల దగ్గర థర్డ్.

పద్మిని78
ఎక్కిన గేర్లోనే దిగాలని పాత డ్రైవర్లు ఊరికే చెప్పలేదు. సెకండ్, థర్డ్ మీదే దిగండి, బ్రేక్ గట్టిగా తొక్కి వదలండి, కాలు ఆనించి ఉంచొద్దు. దీనికి పైసా ఖర్చు లేదు.

గుంటూరు_గేరు
ఎడమ వైపు లాగుతోందన్నారు కదా, మెకానిక్ ఎడమ చక్రమే విప్పుతానంటే ఆపండి. ఎడమకి లాగితే చాలాసార్లు కుడి చక్రం సరిగ్గా పట్టడం లేదని అర్థం. ముందు కుడిది విప్పించండి. ముందు చక్రాల్లో రెండు షూలకీ విడివిడిగా అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది. ఒకటి సరిచేసి రెండోది వదిలేసే షెడ్లు బోలెడు.

రబ్బరు హోసులు కూడా చూడండి. పైకి కొత్తగా కనిపించినా లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. తొక్కినప్పుడు ప్రెషర్ వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. చక్రం పట్టుకునే ఉంటుంది, డ్రమ్ము కాలిపోతుంది. జాకీ మీద లేపి బ్రేక్ తొక్కి వదిలి, చక్రం చేత్తో తిప్పండి. తిరక్కపోతే బ్లీడర్ నిప్పుల్ (లైన్లో గాలి వదలడానికి ఉండే చిన్న మర) కొంచెం వదులు చేయండి. వెంటనే తిరిగితే లోపల ప్రెషర్ ఇరుక్కున్నట్టే, మొదటి అనుమానం హోసు మీదే.

లేత్_మావయ్య
నేను లేత్ పనివాణ్ణి. డిస్క్ మార్పిడికి బ్రాకెట్లు చేయమని నెలనెలా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. కరీంనగర్ బాబు చెప్పినట్టు తర్వాతి అంబాసిడర్ స్టబ్ యాక్సిల్, హబ్బు, డిస్కు, కాలిపర్ అంతా ఒక సెట్టుగా దొరికితే అదే మంచిది, కళ్ళకద్దుకుని తెచ్చుకోండి. దొరక్క వేరే కారు కాలిపర్ పెట్టాలంటే అసలు పని బ్రాకెట్‌లో ఉంది.

బ్రాకెట్ మీద ఎంత బలం పడుతుందో చాలామందికి తెలియదు. నిండు బండి గట్టిగా ఆగేటప్పుడు ఒక్కో ముందు చక్రం దగ్గర సుమారు 1,000 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. ప్యాడ్లు పట్టే చోటు హబ్ మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, బ్రాకెట్‌ని తోసే బలం టన్ను బరువుతో సమానం. ఇంటి గేటుకి వాడే పట్టీని గ్యాస్‌తో కోసి, వెల్డింగ్ చేసి పెట్టిన బ్రాకెట్ నా దగ్గరికి వచ్చింది. వెల్డింగ్ అంచున వెంట్రుక సన్నన పగులు. గోరు పెట్టి గీస్తే తగిలింది. ఇంకొన్నాళ్ళు తిరిగి ఉంటే కాలిపర్ ఊడి రిమ్ములో ఇరుక్కునేది. అది విరగ్గొట్టి కొత్తది చేసిచ్చా.

మందం ప్లేటు తీసుకుని ఒకే ముక్కగా మిల్లింగ్ చేయించండి, వెల్డింగ్ అతుకులు వద్దు. బోల్టులు 10.9 గ్రేడువి, తల మీద ఆ అంకె ఉంటుంది, చూసి తీసుకోండి. డిస్కు కాలిపర్ మధ్యలో సరిగ్గా తిరగాలి. డయల్ గేజీ పెట్టి చూస్తే డిస్కు ఊగు 0.1 మిల్లీమీటరు లోపు ఉండాలి. అది దాటితే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది.

కరీంనగర్_కార్బురేటర్
మావయ్యా, గేటు పట్టీతో బ్రాకెట్టా! ఆ షెడ్డు పేరు చెప్పకు గానీ జిల్లా ఏదో చెప్పు, అటు వైపు బండి తీసుకెళ్ళను.

లేత్_మావయ్య
పేర్లు వద్దు బాబూ. బ్రాకెట్ మాత్రం నా బల్ల మీదే ఉంది. వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నా.

తాతగారి_అంబాసిడర్
శీను అన్నా, మాస్టర్ ఎందుకు మార్చాలో కొంచెం వివరంగా చెప్పగలరా? మా మెకానిక్‌కి చెప్పాలి.

ఆటోనగర్_శీను
చెప్తా. డ్రమ్ము బ్రేకులో షూ తనంతట తానే డ్రమ్ములోకి లాక్కుంటుంది. మీ బండి ముందు చక్రాల్లో రెండు షూలూ ముందుకి వెళ్ళేటప్పుడు అలా లాక్కునే రకం. అందుకే కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకుండానే మీ తాతగారు ఇన్నేళ్ళు నడిపారు. డిస్కుకి ఆ గుణం లేదు. మీ కాలు ఎంత నొక్కితే అంతే. కాబట్టి లైన్లో ప్రెషర్ బాగా పెరగాలి, అంటే బూస్టర్ కావాలి. బూస్టర్ లేకుండా డిస్క్ పెట్టి "పాత డ్రమ్మే నయం" అన్నవాళ్ళని చూశా.

ఇక కాలిపర్ పిస్టన్, డ్రమ్ములో షూలని తోసే వీల్ సిలిండర్ కంటే చాలా పెద్దది, దాన్ని కదపడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ అంత ఆయిల్ తోయలేకపోతే పెడల్ కిందికి పోతుంది. అలాగని మరీ పెద్ద బోరు పెడితే కాలు బరువెక్కుతుంది. ముప్పావు అంగుళం నుంచి ఏడు బై ఎనిమిది అంగుళాలకి మారితే పిస్టన్ వైశాల్యం 36 శాతం పెరుగుతుంది, అదే కాలి బలానికి ప్రెషర్ సుమారు 27 శాతం తగ్గుతుంది. బోరు, బూస్టర్ రెండూ ఒకదానికొకటి కుదరాలి.

ఇంకొకటి. డ్రమ్ము బండి మాస్టర్‌లో చాలావాటికి లోపల ఒక వాల్వు ఉంటుంది, లైన్లో 8 నుంచి 10 పీఎస్ఐ ప్రెషర్ నిలిపి ఉంచడానికి. డిస్కు వైపు అది ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. ఇంటికొచ్చేసరికి డిస్కు నీలం రంగు తిరుగుతుంది.

అన్నిటికంటే పెద్ద కారణం, మీది సింగిల్ సర్క్యూట్. ఒక్క చోట పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేక్ లేదు, హ్యాండ్ బ్రేకే దిక్కు. ఇంత పని చేయిస్తూ, ముందు, వెనక చక్రాలకి వేర్వేరుగా ఆయిల్ పంపే రెండు అరల మాస్టర్ పెట్టకపోతే ఎలా?

డాలస్_తెలుగోడు
శీను గారు చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గర 1966 మస్తాంగ్ ఉంది. దానికి ఆ రోజుల్లోనే ముందు డిస్కులు ఆప్షన్‌గా ఇచ్చేవారు, నాలుగు పిస్టన్ల కాలిపర్. నాది మామూలు డ్రమ్ము బండి, కిట్ కొని మార్పించా. మస్తాంగ్‌కి కంపెనీ నుంచి రెండు అరల మాస్టర్ 1967లో వచ్చింది, కాబట్టి అది కూడా అప్పుడే మార్పించా. ఇక్కడ కిట్లలో వెనక చక్రాల ప్రెషర్ తగ్గించే వాల్వు కూడా ఉంటుంది. అక్కడ దాని సంగతి ఎవరూ చూడరేమో అని నా భయం. మా ఆవిడ అయితే ఇప్పుడు బండెక్కాక డోర్ పట్టుకోవడం మానేసింది, నాకు అదే సర్టిఫికెట్.

శ్రావణి_వర్క్‌షాప్
డాలస్ అన్న చెప్పిన వాల్వు చాలా ముఖ్యం. ముందు డిస్కుల కోసం లైన్లో ప్రెషర్ పెంచుతాం. అదే ప్రెషర్ వెనక డ్రమ్ములకీ వెళ్తుంది. వాటికి లాక్కునే గుణం ఇంకా ఉంది. పైగా బ్రేక్ వేయగానే బరువు ముందుకి వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. ఇంకేముంది, వెనక చక్రాలే ముందు లాక్ అవుతాయి. వానలో అలా జరిగితే బండి గిర్రున తిరిగిపోతుంది. ముందు చక్రాలు లాక్ అయితే బండి తిన్నగా జారుతుంది, అది కొంత నయం.

వెనక లైన్లో అడ్జస్టబుల్ ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టండి. ఖాళీ మైదానంలో నేల తడిపి, తక్కువ స్పీడులో గట్టిగా బ్రేక్ వేయండి. బయట ఒక మనిషి నిలబడి ఏ చక్రం ముందు ఆగిందో చూడాలి. వెనకది ముందు ఆగితే వాల్వు తగ్గించుకుంటూ రండి. బండి నిండా మనుషులున్నప్పుడు వేరే, ఒక్కరే ఉన్నప్పుడు వేరే. ఒక్కరే ఉన్నప్పుడు సరిపోయేలా పెట్టుకోవాలి.

గుంటూరు_గేరు
టైర్ల సంగతి కూడా చూడండి. ఎంత డిస్క్ పెట్టినా చివరికి ఆపేది టైరే. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2316 అంటే 2016లో 23వ వారం. పైన ట్రెడ్ బాగుందని పదేళ్ళు దాటిన టైరు మీద ఘాట్ ఎక్కకండి.

తాతగారి_అంబాసిడర్
నాది ఇంకో సందేహం. మాస్టర్ నేల కింద, నా కాళ్ళ దగ్గరే ఉంది. బూస్టర్ ఎక్కడ పెడతారు?

ఆటోనగర్_శీను
రెండు దారులు. ఒకటి, తర్వాతి బండ్లలోలా పైనుంచి వేలాడే పెడల్ పెట్టి, మాస్టరూ బూస్టరూ బానెట్ లోపలికి తేవడం. పని ఎక్కువ, కానీ ఆ తర్వాత సర్వీసు సుఖం. రెండోది, మాస్టర్ని అక్కడే ఉంచి రిమోట్ సర్వో (పైపుతో కలిపే విడి బూస్టర్) బానెట్ లోపల పెట్టడం. ఇలా చేస్తే మాస్టర్ కాలిపర్ కంటే కింద ఉంటుంది, ఆయిల్ వెనక్కి జారిపోతుంది. ముందు లైన్లో 2 పీఎస్ఐ నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వు పెట్టకపోతే పొద్దున్నే మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ ఖాళీగా దిగుతుంది. నా ఓటు మొదటి దారికే.

మీది పెట్రోల్ బండి కాబట్టి ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ వస్తుంది, మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు పెట్టుకోవాలి. డీజిల్ అంబాసిడర్ వాళ్ళకి వాక్యూమ్ పంపు తప్పదు.

ఫైలు_నంబరు
పనంతా మాట్లాడుకున్నారు, కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. తర్వాత 2021 జులైలో వింటేజ్ వాహనాల నియమాలు వచ్చాయి. 50 ఏళ్ళు దాటిన బండికి వీఏ సిరీస్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మీది 1974 కాబట్టి ఆ వయసు దాటింది.

కరీంనగర్_కార్బురేటర్
బ్రేకు ఆర్‌సీలో రాయరు కదా అన్నా? ఛాసిస్ కాదు, ఇంజిన్ కాదు. బండి ఇంకా బాగా ఆగుతుంటే ఎవరికేం అభ్యంతరం?

ఫైలు_నంబరు
ఆర్‌సీలో లేదన్నంత మాత్రాన అడగరని కాదు తమ్ముడూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేది మొదట బ్రేకులే. కోసి అతికించిన బ్రాకెట్ కనిపిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ మొదలు. పని మొదలెట్టకముందే ఆర్‌టీఏలో ఎంవీఐని (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) కలిసి మాట్లాడండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి. అదే కంపెనీ తర్వాతి మోడల్ భాగాలు పెడితే మాట్లాడటం తేలిక. తీసిన డ్రమ్ములు, పాత మాస్టర్ పారేయకండి, గ్రీజు పూసి గోనెలో చుట్టి దాచండి.

గుంటూరు_గేరు
మా వైపు ఎంవీఐని ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడైనా బ్రేకు బాగుండాలి మరి.

తాతగారి_అంబాసిడర్
అందరూ చెప్పినట్టు నాలుగు చక్రాలూ విప్పించా. గుంటూరు_గేరు గారికి దండం. కుడి ముందు చక్రంలో ఒక వీల్ సిలిండర్ కారుతోంది. డస్ట్ కవర్ లేపగానే ఆయిల్ చేతి మీద కారింది. ఆ షూ లైనర్ తడిసి నల్లగా, జిగురుగా ఉంది. ఎడమ వైపు లైనర్ మాత్రం అద్దంలా మెరుస్తోంది, పని అంతా అదే చేసినట్టుంది. హోసు ఒకటి కోసి చూస్తే లోపల రబ్బరు పొరలు పొరలుగా విడిపోయింది.

శ్రావణి_వర్క్‌షాప్
తడిసిన లైనర్ని పెట్రోల్‌తో కడిగి వాడదామంటారు, ఒప్పుకోకండి. రెండు వైపులా జతగా మార్చండి. సిలిండర్లు కూడా రెండు వైపులా. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ముని ఎయిర్ గన్‌తో ఊదనివ్వకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయాలి. మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రాళ్ళకీ ఈ మాట చెప్పండి.

పద్మిని78
చూశారా! డ్రమ్ము తప్పేం లేదు. నిర్వహణ లేకపోవడమే.

ఘాట్_రోడ్డు
ఈ బండి విషయంలో మీదే గెలుపు. అయినా కుటుంబంతో ఏటా ఘాట్లు ఎక్కే మనిషికి డిస్కూ, రెండు అరల మాస్టరూ ఉండాలన్న నా మాట మారదు. సిలిండర్ ఒక్కటి పూర్తిగా వదిలేసి ఉంటే నాలుగు చక్రాలూ పోయేవి.

తాతగారి_అంబాసిడర్
ఇద్దరి మాటా వింటున్నా. ముందు కొత్త సిలిండర్లు, లైనర్లు, హోసులు, డాట్ 4 ఆయిల్‌తో డ్రమ్ములే బాగు చేయిస్తున్నా. దాంతో ఊళ్ళో తిరుగుతా, ఘాట్ ఎక్కను. ఈలోగా ఇసుజు బండి డిస్క్ సెట్, వేలాడే పెడల్, బూస్టర్, రెండు అరల మాస్టర్ అన్నీ ఒక్కొక్కటీ పోగుచేసి, అన్నీ చేతికొచ్చాకే పని మొదలెడతా. ఆర్‌టీఏకి ఈ వారమే వెళ్తున్నా. ఆయిల్ డాట్ 5 మంచిదని షాపులో అన్నారు, పోయొచ్చా?

శ్రావణి_వర్క్‌షాప్
వద్దు. డాట్ 5 సిలికాన్, డాట్ 4తో కలవదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే. మీకు డాట్ 4 చాలు, రెండేళ్ళకోసారి మొత్తం మార్చండి. కొత్త పెయింట్ మీద మాత్రం చుక్క పడనివ్వకండి, పెయింట్ లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

ఆటోనగర్_శీను
కాలిపర్లు బిగించే రోజు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బ్లీడర్ నిప్పుల్ పైకి ఉండాలి. వేరే షెడ్డులో కుడి కాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి పెట్టేసిన బండి ఒకటి మా దగ్గరికి వచ్చింది. నిప్పుల్ కిందికి ఉంటే గాలి పైన ఉండిపోతుంది, పది సీసాల ఆయిల్ పోసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. గాలి తీసేటప్పుడు మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలెట్టండి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

బూస్టర్ పరీక్ష: ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, అలాగే కాలు నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు.

కరీంనగర్_కార్బురేటర్
అన్నా, రాణిగంజ్‌లో తెలిసినవాళ్ళ దగ్గర డిస్క్ స్టబ్ యాక్సిల్ జత ఉందట, పాత బండి నుంచి తీసింది. ఈ ఆదివారం వెళ్ళి చూస్తా.

లేత్_మావయ్య
చూసేటప్పుడు బేరింగ్ కూర్చునే చోట వేలు పెట్టి తడిమి చూడు బాబూ. గాడి తగిలితే వదిలెయ్. డిస్కు మందం వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిచి, హబ్బు బోల్టుల పీసీడీ (బోల్టులున్న వృత్తం వ్యాసం) కూడా రాసుకుని ఇక్కడ పెట్టు. మార్క్ 2 రిమ్ము ఒకటి నా దగ్గర ఉంది, కాలిపర్ తగులుతుందో లేదో కొలిచి చెప్తా. అప్పటిదాకా బయానా ఇవ్వకు.